వెల యిచ్చి కొనిన ప్రతి

మా యింటి బీరువాలో ఒక అర నిండ తెలుగు పుస్తకములున్నవి. వానిలో పెక్కింటి తొలిపుటపై “గౌరవపురస్సరముగా” అని రచయిత చేవ్రాలు గలదు. ఇందరు రచయితలు నన్నెరుగుదురు గదా యని చిరకాలము వానిని చూచి గర్వపడితిని. అవి యన్నియు నేను వెల చెల్లింపని పుస్తకముల పద్దులని తెలియుటకు ఒక పెద్దమనిషి కాలము చేయవలసి వచ్చెను.

ఆయన బరంపురములో మా వీధివారే, విశ్రాంత ఉపాధ్యాయులు. పట్టుచీరలు నేయు దేరాల యిండ్లకు ఏండ్ల తరబడి తిరిగి మగ్గపు పనిముట్ల పేర్లు, రెండేండ్ల కొకసారి జరుగు ఠాకురాణీ జాతర ముచ్చటలు, మన ముత్తవ్వల నోట మాత్రమే నిలిచియున్న పలుకుబళ్ళు సేకరించిరి. ఆ వ్రాతప్రతిని అచ్చు వేయుటకు ప్రచురణకర్తలెవ్వరును ముందుకు రాలేదు. వారిని తప్పుపట్టుటయు న్యాయము కాదు. విజయవాడ అంగళ్ళలో చెల్లు సరుకా యది? మాస్టారు తమ పింఛను సొమ్ముతోనే 500 ప్రతులు వేయించిరి. అక్షరకూర్పు, కాగితము, అట్ట, కుట్టుపని అన్నిటికిని ముందుగనే చెల్లింపవలెను. అంగడివానికిచ్చినచో వెలలో పెద్ద భాగము తగ్గింపు క్రింద పోవును. మిగిలినది ఎన్నడు చేతికి వచ్చునో చెప్పలేము. ఇక మిగిలినది తెలిసినవారిపై ఆశ.

ఆ తెలిసినవారిలో నేనొకడను. “మాస్టారూ, మాకొక కాపీ ఇవ్వరూ?” అని నోరు తెరచి యడిగితిని. ఆయన నవ్వుచు సంతకము చేసి యిచ్చిరి. ఆ వారమే ఒక పెండ్లిలో అయిదువందలు చదివించి వచ్చితిని. అది మాత్రము భారమనిపించలేదు. పుస్తకము నలువది పుటలు చదివి గుర్తు పెట్టితిని. ఆ గుర్తు అక్కడనే యుండిపోయినది.

మాస్టారు పోయిన మరుసటేడు, ఒడియా బడిలో చదువు మా మనుమరాలు “తాతయ్యా, నాడె అంటే ఏమిటి?” అని యడిగినది. పుస్తకము తీసి చూపితిని. పిల్ల వదలక సాయంకాలము దాక పుటలు త్రిప్పించినది. మా అమ్మాయిల కిద్దరికి చెరియొక ప్రతి పంపవలెనని మాస్టారింటికి పోతిని. అటకపై కట్టలన్నియు కాగితముల వర్తకునకు తూకమునకు వేసిరట. కుమారునకు తెలుగు చదువ రాదు. అతనిని నేనేమనగలను? ఆ కట్టలు అటకపై మిగులుటకు మావంటి వారమే కారణము.

మా సీమలో ఇది క్రొత్త కాదు. 1919లో పర్లాకిమిడి నుండి గిడుగు వెంకట రామమూర్తిగారు నడపిన ‘తెలుగు’ పత్రిక దీర్ఘకాలము సాగలేదు. (నా యీ గ్రాంథికమును ఆయన చూచినచో ముందు దీనిని దిద్దుకొమ్మందురు.) 1936లో ఆ పట్టణము ఒడిశాలో చేరినది. మనలో అనేకులము వలస వచ్చినవారము కాము, ఎల్లలు మారినవి. హోసూరు, బళ్ళారి, షోలాపురము, యానాముల తెలుగువారి బ్రతుకు ఎక్కడివారో వ్రాసి పంపరు. ఇక్కడివారే వ్రాయవలెను, వారే అచ్చు వేసికొనవలెను.

నేడు ఏబది ప్రతులైనను అచ్చు వేయించుకొను సౌకర్యము వచ్చినది. అయినను పంపుట యొక చిక్కు. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఎత్తివేసినది. 2025 మే నుండి జ్ఞాన్ పోస్ట్ అను ఏర్పాటు వచ్చినది. పొరుగువాని పుస్తకమునకు ఆ ఖర్చును లేదు గదా!

మొన్నటి ఉగాది సభలో ఒక యువకుడు తన కథల పుస్తకములు సంచిలో పెట్టుకొని గోడవార నిలుచుండెను. వెల యడిగితిని. “మీ దగ్గర డబ్బులేమిటండీ, పెద్దవారు!” అని సంతకమునకు కలము తీసెను. రెండు వందల నోటు ఆతని చేతిలో పెట్టితిని. పుస్తకము నూరు రూపాయలట. చిల్లరకై జేబులు తడవుకొనుచుండగా, సంచిలోని రెండవ ప్రతిని నేనే తీసికొంటిని.