కుంతాల జలపాతం చెంత

వానాకాలం ముగింపు రోజుల్లో మదరసాకు సెలవులు వచ్చాయి. పన్నెండుగురు విద్యార్థులను వెంటబెట్టుకుని, బిస్మిల్లాహ్ అని నిర్మల్ నుంచి బయలుదేరాము. ఆదిలాబాద్ వైపు సాగే 44వ జాతీయ రహదారిపై నేరడిగొండ చేరి, అక్కడి నుంచి టేకు అడవి నడుమ ఉన్న దారి పట్టాము. గోండు గూడేలు, పచ్చని చేలు దాటగానే వాహనాలు ఆగిపోతాయి. ఇక మిగిలింది లోయలోకి దిగే మెట్లదారి. నడక కొద్దిదే అయినా తిరుగు ప్రయాణంలో మోకాళ్లకు అసలు పరీక్ష.

జలపాతం కంటబడక ముందే దాని హోరు చెవినబడింది. చివరి మలుపు తిరగగానే మాటలు ఆగిపోయాయి. కడెం నది సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి బండల మీదుగా తెల్లని నురుగై దూకుతోంది. తుంపరలు గడ్డాలను తడిపాయి. ఎప్పుడూ అల్లరి చేసే పిల్లలు సయితం మెల్లగా సుబ్‌హానల్లాహ్ అన్నారు. ఈ నీరే ముందుకు సాగి గోదావరిలో కలుస్తుందని వారికి చెప్పాము.

జుహర్ వేళ సమీపించింది. వుజూ కోసం లోటాతో నీళ్లు తెమ్మని ఒక బాలునికి చెప్పి, మేము నీడన చాపలు పరిపించే పనిలో పడ్డాము. అంతా సిద్ధమయ్యాక లెక్కపెడితే పదకొండుగురే ఉన్నారు. గుండె ఝల్లుమంది. చూస్తే, ఆ బాలుడు మడుగు అంచున పాచి పట్టిన బండపై వంగి ఉన్నాడు. కేక వేస్తే ఆ హోరులో వినబడదు. వినబడినా ఉలిక్కిపడి జారవచ్చు. మేము చెప్పులు విడిచి, కూర్చున్నట్లుగానే బండ మీద జరుగుతూ వెళ్లి అతని చేయి పట్టుకున్నాము.

“హజ్రత్, ఒడ్డున నీళ్లు మురికిగా ఉన్నాయి. మీకోసం శుభ్రమైనవి తెస్తున్నాను” అన్నాడు.

మందలించాలని తెరిచిన నోరు మూతపడింది. అతడు చేసినది విధేయత. తప్పు మాది. అమానత్ గురించి ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మేము, ఒక తల్లి అప్పగించిన బిడ్డను నీటి అంచుకు పంపి వెనుదిరిగి చూడలేదు. ఆ నమాజులో మా సజ్దా దీర్ఘమైంది.

సాయంత్రం అతని ఇంటికి వెళ్లి జరిగినదంతా మేమే చెప్పాము. తండ్రి కొంతసేపు మౌనంగా ఉండి, “అల్‌హమ్దులిల్లాహ్. పిల్లలను ఇకపైనా తీసుకువెళ్లండి మౌల్వీసాబ్. కాని నీళ్ల దగ్గర చేయి వదలకండి” అన్నారు.

సోదరులారా, కుంతాలను తప్పక దర్శించండి. ఆ మడుగులోని లోతు పైకి కనబడదు. తడిసిన బండ ఎవరినీ ఉపేక్షించదు. దూరం నుంచి చూసినా సృష్టికర్త మహిమ ఏమాత్రం తగ్గదు. వుజూకు నీళ్లు ఇంటి నుంచే తీసుకువెళ్లండి. పిల్లలను లెక్కించడం మెట్లు దిగక ముందే మొదలుపెట్టండి.