రోలర్ కంటే ముందు మడమ

నేను వెళ్ళేసరికి ఆయన చెప్పులు గట్టున విడిచి, కోర్టు మధ్యలో నిలబడి, కుడికాలి మడమతో నేలను నొక్కి చూస్తున్నాడు. మడమ ఎత్తితే దానితోపాటు చెమ్మమట్టి అంటుకుని వచ్చింది.

"ఇప్పుడే కాదండి. ఇప్పుడు రోలర్ ఎక్కిస్తే పై చెక్కంతా దానికి అంటుకుని లేచొచ్చేస్తదండి" అన్నాడు.

గోదావరి జిల్లాలో అదొక చిన్న పట్నం. అక్కడి పాత క్లబ్బులో రెండు మట్టి టెన్నిస్ కోర్టులు ఇంకా మిగిలి ఉన్నాయని విని, దీపావళి వెళ్ళి వానలు తెరిపిచ్చాక బయలుదేరాను. ఏటా ఆ రోజుల్లోనే కోర్టుకు కొత్త మట్టి వేస్తారు. ఇలాంటి పనిమంతుణ్ణి క్లబ్బుల్లో మార్కర్ అంటారు. మెంబర్లతో ఆడతాడు, పిల్లలకు నేర్పుతాడు, కోర్టును సాకుతాడు. ఇక్కడ మాత్రం పెద్దా చిన్నా అందరూ ఈయన్ని బాబాయి అనే పిలుస్తున్నారు. నేనూ అలాగే పిలిచాను.

ఇంత దూరం రావడానికి నాకొక కారణం ఉంది. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు వాళ్ళం తలా కొంత వేసుకుని సిమెంటు కోర్టు వేయించుకున్నాం. నీలం రంగు, తెల్ల గీతలు, చూడముచ్చటగా ఉండేది. మొదటి వానాకాలం గడిచేసరికి పొక్కులు లేచాయి. బేస్‌లైన్ వెనక నీళ్ళు మడుగు కట్టాయి. ఆ మడుగులోనే మా అబ్బాయి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి, అసలు కోర్టు ఎలా కట్టాలి అన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

గట్టు పక్కన రెండు కుప్పలున్నాయి. ఒకటి చెరువు మట్టి, రెండోది ఎర్ర గ్రావెల్. రెండూ జల్లెడ పట్టినవే. రేగడి పాలు ఎక్కువైతే ఎండకు నెర్రెలిస్తుంది, ఇసుక ఎక్కువైతే బంతి పడ్డచోటల్లా గుంట పడుతుంది. బాబాయి కలిపిన మట్టిలోంచి పిడికెడు తీసి, నొక్కి ముద్ద చేసి, నడుమెత్తు నుంచి కిందికి వదిలాడు. ముద్ద మూడు పెళ్ళలుగా విడింది. పిండిలా రాలిపోతే రేగడి చాలనట్టు, చెక్కుచెదరకుండా పడితే రేగడి మించినట్టు. "ఇదీ పాకం" అన్నాడు, అరిసెల పాకం చూసే ఆడవాళ్ళ ధీమాతో.

ఆ మట్టిని పలచగా పరిచి, తడిపి, రోలర్ లాగి, మళ్ళీ తడిపి, మళ్ళీ లాగుతారు. ఆఖర్న పేడనీళ్ళతో అలుకుతారు. చూస్తుంటే మా తాతగారి పొలంలో కోతల ముందు కళ్ళం చేసిన తీరే కళ్ళ ముందు కదిలింది. అదే తడపడం, అదే అణచడం, అదే అలుకు. పేడలోని గడ్డిపీచు మట్టిని పట్టి ఉంచుతుంది, దుమ్ము లేవనివ్వదు. సానియా మీర్జా కూడా చిన్నప్పుడు హైదరాబాదులో పేడతో అలికిన కోర్టుల మీద ఆడానని చెప్పారు.

పారిస్‌లోని రోలాండ్ గారోస్ కోర్టుల సంగతి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. టీవీలో నిండా ఎర్రగా కనపడే ఆ ఇటుక పొడి మందం ఒకటి రెండు మిల్లీమీటర్లేనట. దాని కింద తెల్ల సున్నపురాయి పొడి, ఆ కింద బొగ్గు కాల్చగా మిగిలిన చిట్టెం, ఆ కింద కంకర. ఆట పైపొర మీదే అయినా, నీటిని మోసేదీ వదిలేదీ అడుగు పొరలే. ఆ మాట చెప్పాను. బాబాయి తలూపి, "కోర్టంటే పొలమేనండి. నీళ్ళు ఎటు పోవాలో ముందు దానికి చెప్పాలండి" అన్నాడు.

ఆ మాటకు రుజువు గోడవతలే ఉంది. క్లబ్బువాళ్ళు అక్కడ కొత్తగా కాంక్రీటు కోర్టు కడుతున్నారు. పనిచేయిస్తున్న మేస్త్రి ఓపిగ్గా అన్నీ చూపించాడు. వాలు 10 అడుగులకు 1 అంగుళం. అదీ ఒక పక్క నుంచి రెండో పక్కకు ఒకే పలకలా ఉండాలి. నెట్ దగ్గర ఎత్తు చేసి రెండు వైపులకూ దించితే ఆట చెడుతుంది. 60 అడుగుల వెడల్పుకు ఒక అంచు రెండో అంచు కంటే 6 అంగుళాలు ఎత్తన్నమాట. ఎంత తేరిపార చూసినా నా కంటికి ఆ తేడా ఆనలేదు. నీళ్ళకు మాత్రం తెలుస్తుంది. రంగు వేసే ముందు కోర్టంతా తడిపి, గంటసేపు ఎండలో వదిలి, ఎక్కడైనా మడుగు మిగిలితే అందులో రూపాయి బిళ్ళ పెడతాడట. బిళ్ళ మునిగితే ఆ చోటు మళ్ళీ నింపాల్సిందే.

మా కోర్టు పొక్కుల సంగతి అడిగాను. "కింద ప్లాస్టిక్ షీటు పరిచారా?" అన్నాడు. లేదన్నాను. "పోసిన ఎన్నాళ్ళకు రంగేశారు?" పన్నెండు రోజులకు. ఆయన ఇంకేమీ అడగలేదు. కాంక్రీటు 28 రోజులు ఆరాలి. షీటు లేకపోతే నేలలోని చెమ్మ ఎండకు ఆవిరై పైకి తంతుంది. పైనున్న యాక్రిలిక్ పొర దాన్ని పోనివ్వదు. అదే పొక్కు. మూడు వాక్యాల్లో తేలిపోయిన ఈ సంగతి ఆ రోజు మాకెవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఈ కొత్త కోర్టు మీద పికిల్‌బాల్ గీతలు కూడా గీస్తారు. 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో పుట్టిన ఆట ఇప్పుడు మన పట్నాలకూ వచ్చింది. దాని కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులే. ఒక టెన్నిస్ కోర్టు జాగాలో నాలుగు పడతాయి. రాకెట్ పట్టని వాళ్ళు కూడా సాయంత్రాలు ఆడుకుంటున్నారంటే నాకు సంతోషమే. కానీ కమిటీలో కొందరు మట్టి కోర్టులను కూడా సిమెంటు చేసేద్దామంటున్నారని విని మనసు చివుక్కుమంది. మట్టి మీద పాదం కాస్త జారి ఆగుతుంది, మోకాలికి దెబ్బ తగ్గుతుంది. యాభై దాటిన మెంబర్లు ఇంకా ఆడుతున్నారంటే అది ఈ నేల చలవే. రోజూ తడపాలి, ఊడవాలి, సున్నం గీతలు దిద్దాలి, నిజమే. సిమెంటుకు మాత్రం చాకిరీ లేదా? రాలిన ఆకుల మరక కడగాలి, కొన్నేళ్ళకొకసారి పైపూత మళ్ళీ వేయాలి. రెండింటికీ ఒక మనిషి కావాలి. ఇక్కడ ఆ మనిషి ఉన్నాడు.

సాయంత్రం నాలుగైంది. తెల్ల బనీనుతో, రాకెట్ చంకలో పెట్టుకుని సెక్రటరీ గారు గేటు తీసుకుని వచ్చారు. బాబాయి మళ్ళీ కోర్టులోకి దిగి, మడమ నొక్కి, ఎత్తి చూసుకున్నాడు. ఈసారి మట్టి అంటలేదు, అచ్చు మాత్రం పడింది.

"ఆటకు ఇంకో అరగంట ఆగాలండి" అన్నాడు.

సెక్రటరీ గారు మారుమాట్లాడకుండా బెంచీ మీద కూర్చున్నారు. బాబాయి రోలర్ కాడను ఒక పక్క పట్టుకుని, రెండో పక్క పట్టుకోమని నాకు సైగ చేశాడు.