వెనకబెంచీ మీద హెడ్మాస్టరు

హెడ్మాస్టరు అనగానే మీకేం జ్ఞాపకం వస్తుంది? బెత్తమా? కళ్ళజోడా? నాకు మాత్రం వెనకబెంచీ జ్ఞాపకం వస్తుంది.

1990లలో నేను చదివిన హైస్కూల్లో హెడ్మాస్టరుగారికి ఒక అలవాటుండేది. వారానికి రెండుమూడుసార్లు ఏదో ఒక క్లాసులోకి చడీచప్పుడు లేకుండా వచ్చి, వెనకబెంచీ మీద పిల్లలమధ్య ఇరుక్కుని కూర్చునేవారు. (ఆయనది కాస్త భారీ విగ్రహం. ఇరుక్కోవడం మాటవరసకు అన్నది కాదు.) పాఠం మధ్యలో నోరు విప్పేవారు కాదు. పక్కవాడి నోటుబుక్కు తీసి తిరగేసేవారు, అంతే.

ఒకనాడు తెలుగు మాస్టారు బోర్డు మీద ఉత్పలమాలకు గణాలు విడగొడుతున్నారు. భ ర న భ భ ర వ. అందరం బుద్ధిగా ఎక్కించుకుంటున్నాం. హెడ్మాస్టరుగారు నా పక్కవాడికి మరో పద్యపాదం చూపించి, “దీనికి చెయ్యరా చూద్దాం” అన్నారు, మెల్లిగా. వాడికి గురువేదో లఘువేదో తెలిస్తేగా!

తరవాత ఆ ఇద్దరూ గదిలో ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. మర్నాడు బోర్డు ఖాళీ. ఒక చప్పట్టు పట్టే కాలం లఘువు, దానికి రెట్టింపు గురువు అంటూ మాస్టారు మాచేత పద్యమంతా చప్పట్లు కొట్టించారు. మాకేదో ప్రైజు వచ్చిందని పక్క క్లాసువాళ్ళు తొంగిచూశారు! నేను తెలుగు ఎమ్మే చదవడానికి ఆ చప్పట్లే కారణమంటే మా ఆవిడ నమ్మదుగాని, నిజం.

పాఠం చెప్పింది మాస్టారే. అది పిల్లలకు అందలేదని, ఆయన మనసు కష్టపెట్టకుండా చెప్పేవారు ఒకరుండాలిగదా. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన పనిచేసిన సెకండరీ విద్యా కమిషను, బడికి 500 మంది పిల్లలు సరిపోతారనీ, 750 దాటకూడదనీ సిఫార్సు చేసింది. ఇంకా ఎక్కువైతే పెద్దాయనకు పిల్లల మొహాలే తెలియవు, నోటుబుక్కుల మాట దేవుడెరుగు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ళ క్రితం మా ఆవిడకు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషను వచ్చింది. బంధువులు స్వీట్లు తిన్నారు. నెల తిరక్కుండానే ఆవిడ, “ఏమండీ, పద్దెనిమిదేళ్ళు లెక్కలు చెప్పాను. ఇప్పుడు కోడిగుడ్ల లెక్క తప్ప మరో లెక్క చూడ్డంలేదు” అంది. మధ్యాహ్న భోజనం, హాజరు, ఫొటోలు, పైనుంచి అడిగే వివరాలు - బడి గంట కంటే ఫోనే ఎక్కువ మోగుతుంది.

ఒక సోమవారం ఆ ఫోను సొరుగులో పడేసి తొమ్మిదో తరగతి వెనకబెంచీలో కూర్చుందిట. లెక్కల మాస్టారికి చెమటలు పట్టాయి. “నా మీద ఫిర్యాదేమైనా వచ్చిందా మేడమ్?” అని అడిగాడట, పాపం. ఆయన బీజగణితం బాగానే చెబుతున్నాడు. పిల్లలకు భిన్నాలు కూడడమే రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

“సిలబస్ ఎప్పుడు పూర్తిచేయనండీ మరి?”

“రెండు వారాలు ఆపి భిన్నాలు చెప్పండి. సిలబస్ వెనకబడిందని ఎవరైనా అంటే, ఆపమన్నది నేనేనని చెప్పండి.”

అన్నట్టుగానే పైనుంచి ఒక మాట పడింది, ఈవిడ పడింది. ఆ మాస్టారు మాత్రం ఆ తరవాత తనే వచ్చి, “గురువారం మా క్లాసుకొకసారి రండి మేడమ్” అని పిలిచి వెళ్ళాడట.

పగలంతా క్లాసుల్లో కూర్చుంటే ఆ వివరాలన్నీ ఎవరు నింపుతారంటారా? రాత్రిళ్ళు మా ఇంట్లో భోజనాల బల్ల మీద నింపుతోంది. అందుకని ఈమధ్య మా ఇంట్లో రాత్రివంట నా వంతయింది. చారు ఫరవాలేదంటున్నారు పిల్లలు.