వాడు లేస్తే నలుగురు పోతారు

"అన్నం చల్లారిపోతోందిరా" అని మూడోసారి పిలిచినా మావాడు కదల్లేదు. కోపంగా గదిలోకి వెళ్లాను. "అమ్మా, ఇప్పుడు లేస్తే నలుగురు చచ్చిపోతారు" అన్నాడు.

2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అట. ఐదుగురు కలిసి గుహలోకి వెళ్తారు. ఒకడు రాక్షసుల దెబ్బలన్నీ తన మీదికి లాక్కుంటాడు, ముగ్గురు కొడతారు, మావాడు అందరి గాయాలూ మాన్పుతాడు. వాడి చేయి ఆగిందా, అంతా మళ్లీ మొదటికే.

"కొట్టడంలో కదా మజా?" అన్నాను.

"కొట్టేవాళ్లు బోలెడుమంది అమ్మా. హీలర్ కోసమే అందరూ ఎదురుచూస్తారు."

ఆట అయ్యాక ముక్కూమొహం తెలియని నలుగురూ వాడికి థాంక్స్ చెప్పారు. ఇంట్లో ఆ రోజు వాడు విన్నవన్నీ తిట్లే, సగం నావే.

తను లేకపోతే జరగదనిపించే చోటు ఎవరికి చేదు? వంటింట్లో నేను నిలబడేదీ అందుకేగా. ఇంట్లో వాడికి ఆ చోటు ఎప్పుడిచ్చాం? కూర మళ్లీ వేడిచేస్తూ అదే ఆలోచించాను.