ధర్మవరం అట్టలు, శాంటాక్లారా ప్రదర్శనశాల

సాంకేతిక సంస్థలు తమ ఆవరణలోనే ప్రదర్శనశాలను తెరిచి, తాము తయారుచేసే వస్తువు పుట్టుకను సందర్శకులకు వివరించటం పలు దేశాల్లో పరిపాటి అయింది. శాంటాక్లారాలో ఇంటెల్ సంస్థ ప్రధాన కార్యాలయంలో వెలసిన శాల వీటిలో పేరెన్నికగన్నది; అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లిన తెలుగు తల్లిదండ్రులు కొందరైనా దానిని చూసే ఉంటారు. 1971లో ఆ సంస్థ విడుదల చేసిన 4004 అనే మైక్రోప్రాసెసర్‌లో, అంటే గణన చేసే విభాగమంతా ఒకే చిన్న సిలికాన్ పలక మీద ఇమిడిన సాధనంలో, 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి.

అయితే గణనయంత్రాల చరిత్రలో ఒక తొలి అధ్యాయం ధర్మవరం పట్టుమగ్గాల మీద నేటికీ సజీవంగా ఉంది. మగ్గానికి పొడవుగా బిగించిన పోగులను పడుగు అనీ, వాటికి అడ్డంగా నేసే పోగును పేక అనీ అంటారు. పేక దూరే ప్రతిసారీ ఏ పడుగు పోగులు పైకి లేవాలో నిర్ణయించే పనిని 19వ శతాబ్దారంభంలో ఫ్రాన్స్‌కు చెందిన జకార్డ్ చిల్లులు పొడిచిన అట్టలకు అప్పగించాడు. చిల్లు ఉన్నచోట సూది అందులోకి దూరిపోవటంతో కొక్కెం తన స్థానంలో నిలిచి పోగును లేపుతుంది, చిల్లు లేనిచోట అట్ట సూదిని నెట్టటంతో కొక్కెం తప్పుకుని పోగు కిందనే ఉండిపోతుంది. ఉండటం, లేకపోవటం అనే ఈ రెండు స్థితులతోనే చీర అంచూ కొంగూ రూపుదిద్దుకుంటాయి. సుమారు 24,000 అట్టలతో పట్టు మీద నేసిన జకార్డ్ చిత్రపటాన్ని ఇంగ్లండ్ గణితవేత్త బాబేజ్ తన ఇంట అతిథులకు సగర్వంగా చూపేవాడు. తాను ఊహించిన గణనయంత్రానికి ఆజ్ఞలిచ్చే పద్ధతిని అతడు ఈ అట్టల నుంచే గ్రహించాడు. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలకు హోలరిత్ అనే ఇంజనీరు వాడినవీ చిల్లుల కార్డులే. అతడు స్థాపించిన సంస్థ మరికొన్నిటితో కలిసి, 1924లో ఐబీఎం అనే పేరు ధరించింది.

పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారం ఈ ప్రాంతానికి రెండవ సాంకేతిక ముఖం. హిందూపురం విద్యార్థులు విమానాల చరిత్ర తెలుసుకోవటానికి బెంగళూరులోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థ ప్రదర్శనశాల దాకా వెళ్లవచ్చు గాని, మగ్గమూ కార్ల కర్మాగారమూ ఒకే జిల్లాలో ఉన్న ఈ సీమకు తనదైన శాల ఎంతో అవసరం. కొన్ని మగ్గాలకు ఎలక్ట్రానిక్ జకార్డులు అమరుతుండగా అట్టల దండలు మూలపడుతున్నాయి కనుక, ప్రభుత్వ చేనేత శాఖ, సహకార సంఘాలు, కియా సంస్థ కలిసి, పనిచేసే మగ్గంతో, దానిని ఆడించి చూపే నేత కార్మికునికి తగిన వేతనంతో, ధర్మవరంలోనే అటువంటి శాలను త్వరగా నెలకొల్పాలి.