ఆర్నెమ్‌లో గది దొరికేదాకా

మాది పల్నాడులోని రెంటచింతల. ఎండాకాలం వార్తల్లో మా ఊరి పేరు వినని తెలుగువాళ్లు ఉండరు. ఎండలు మండే అలాంటి చోట పుట్టి పెరిగినవాణ్ని 2022 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ శివార్లలో, క్యాంపింగ్ స్థలంలో, గుడారంలో పడుకున్నాను. చదువు వాగెనింగెన్ విశ్వవిద్యాలయంలో. అక్కడ గది దొరక్క, బస్సు దూరమైనా సరేనని ఆర్నెమ్ వచ్చాను. ఇక్కడా దొరకలేదు.

ఊరు మాత్రం పచ్చగా ఉంటుంది. లక్షా అరవై వేలు దాటిన జనాభా. 1899లోనే నగరం కొనుక్కున్న సోన్స్‌బేక్ పార్కు, ఉత్తరాన వేలువ అడవి, దిగువన రైన్ నది పాయ. నీడకు తుమ్మచెట్టు వెతుక్కునే మిర్చి చేల నుంచి వచ్చి అక్కడి బీచ్ జాతి చెట్లను చూస్తే ప్రాణం లేచొచ్చింది. రాత్రయితే ఆ చెట్ల కిందే వణికాను. తెల్లారేసరికి గుడారం లోపలంతా నీటి బొట్లు. సాక్సులు ఆరేవి కావు. ల్యాప్‌టాప్ తడవకుండా స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకునేవాణ్ని. చల్లటి బ్రెడ్డుకు గోంగూర పచ్చడి రాసుకుని తినేవాణ్ని.

చలిని ఓర్చుకోవచ్చు. కాగితాల బాధే ఓర్వలేనిది. మునిసిపాలిటీలో చిరునామా నమోదైతేనే బీఎస్‌ఎన్ అనే పౌర గుర్తింపు నంబరు ఇస్తారు. అది లేకపోతే పనిలో పెట్టుకోరు, బ్యాంకు ఖాతా తెరవడమూ కష్టమే. వీసా కోసం ఏడాది ఖర్చు ముందే విశ్వవిద్యాలయానికి కట్టి ఉన్నాం. ఇక్కడ ఖాతా తెరిచాకే అది తిరిగొస్తుంది. నాన్న మిర్చి అమ్మి, చాలక అప్పు చేసి పంపిన డబ్బు. ఉంది, కానీ చేతికి రాదు.

కలిసి అద్దెకుండే ఇళ్లలో కొత్తవాణ్ని ఎంచుకునేది అందులో ఉండేవాళ్లే. ఓ సాయంత్రం అలాంటి ఇంట్లో, గది కోసం వచ్చిన మమ్మల్నందర్నీ వంటగది బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. ఉన్నది ఒక్క గది. "సెలవు రోజుల్లో ఏం చేస్తావు?" అని అడిగారు. పొలానికి నీళ్లు పెడతానన్నాను. మర్యాదగా నవ్వారు. కాసేపటికి మాటలు డచ్‌లోకి వెళ్లిపోయాయి. నాతో నెదర్లాండ్స్ వచ్చిన నరసరావుపేట కుర్రాడు వేరే ఇంటి ఫొటోలు చూసి అడ్వాన్సు పంపాడు. తాళం కోసం వెళ్తే ఆ ఇంట్లో వేరే కుటుంబం ఉంది.

అమ్మ ఫోన్ చేసి, "గది వెచ్చగా ఉందా నాయనా?" అనేది. ఉందమ్మా అనేవాణ్ని. వీడియో పెట్టమంటే నెట్ సరిగా లేదనేవాణ్ని. ఆ తర్వాత చాలాసేపు మాట పెగిలేది కాదు.

అక్టోబరు చివర్లో ఆర్నెమ్‌లోని ప్రేసిక్‌హాఫ్ పేటలో ఒక తెలుగు కుటుంబం తమ ఇంటి అటక మీది గది ఇచ్చింది, చిరునామా నమోదుకూ ఒప్పుకుంది. ఆ అక్క పెట్టిన పప్పన్నం తింటూ ఏడ్చేశాను.

గది దొరక్కపోతే రావద్దని ఆ ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం విదేశీ విద్యార్థులకు ముందే చెప్పింది. మా వైపు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. పల్నాడు నుంచి పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. వీసా చూసినట్టే అద్దె ఒప్పందమూ చూడండి. చిరునామా నమోదుకు వీలుందని అందులో రాసి ఉండాలి. అది చేతికి రాకుండా టికెట్టు కొనకండి.