ఇంటి కత్తికి పదును

మన్యంలో కత్తి లేని ఇల్లు లేదు. వెదురు కొమ్ములు తరగాలన్నా, కోడిని కోయాలన్నా, పచ్చి మామిడికాయ చెక్కాలన్నా అదే. అయితే ఈ మధ్య మన ఇళ్లలో ఒక మాట ఎక్కువగా వింటున్నాం: "ఇది తెగడం లేదు, సంతలో కొత్తది కొనండి." కత్తి చెడిపోలేదు, మొద్దుబారింది. ఆ తేడా మరిచిపోతే డబ్బుతోపాటు ఒక విద్య కూడా పోతుంది.

మేము ఇంట్లో ఇలా నూరుతాం. సానరాయి కింద తడిగుడ్డ వేస్తే జారదు. రాయి మీద నీళ్లు చల్లుతాం. ఇక కత్తి ఎంత వాల్చాలి? కాగితం మూల 90 డిగ్రీలు. ఒకసారి మడిస్తే 45, మళ్లీ మడిస్తే 22.5. కూరగాయల కత్తిని ఆ మడత కంటే కాస్త తక్కువ ఎత్తులో పట్టాలి. ఎముకలు కొట్టే కత్తిని ఇంకొంచెం లేపి పట్టాలి. ఒకవైపు నూరుతుంటే రెండో వైపు అంచున సన్నని గరుకు తేలుతుంది. అది పిడి నుంచి మొన దాకా వచ్చాకే తిప్పి నూరాలి. చివర్లో రెండు వైపులా తేలిగ్గా రాస్తే ఆ గరుకు పోతుంది. సానరాయి లేకపోతే పింగాణీ కప్పు అడుగున ఉండే గరుకు అంచు చాలు.

మరమీద నిప్పురవ్వలు లేచేలా సాన పట్టిస్తే జాగ్రత్త. అంచు నీలంగా మారిందంటే వేడికి అక్కడ ఉక్కు మెత్తబడినట్టే. కమ్మరి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి తెచ్చిన గట్టిదనం పోతుంది. ఇనుప కత్తితో చింతకాయ కోస్తే వెంటనే కడిగి, తుడిచి, చుక్క నూనె రాయాలి. తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు.

చాలా ఇళ్లలో కోసేది ఆడవాళ్లు, నూరేది మగవాళ్లు. మగవాళ్లు పనికి వలస పోతే మొద్దు కత్తే మిగులుతుంది. మొద్దు కత్తిని గట్టిగా నొక్కాలి, నొక్కితే జారుతుంది, జారితే వేళ్లు తెగుతాయి. అందుకే ఆడపిల్లలకూ నూరడం నేర్పాలి.

ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివిన పిల్లలు కోణం అంటే ఏమిటో చెబుతారు. సెలవులకు ఇంటికొచ్చి రాయి ముందు కూర్చుంటే ఆ కోణం చేతికి రాదు. తప్పు పిల్లలది కాదు. ఇంటి పనిలో ఉన్న లెక్కను బడి లెక్కగా చూడలేదు. బడికి కత్తి తేనక్కర్లేదు. కాగితం మడత, ఒక స్కేలు చాలు. కోణం, రాపిడి, తుప్పు మూడూ చెప్పొచ్చు. చేతి పని ఇంట్లో పెద్దవాళ్లు పక్కనుండి నేర్పుతారు.

మన కొండ కమ్మరులు కూడా షెడ్యూల్డ్ తెగవాళ్లే. ఇనుము చదువు మనకు బయటి నుంచి వచ్చింది కాదు. ఊళ్లో కొలిమి వెలుగుతుంటే కత్తి బాగుచేయించేది అక్కడే. ఈ సెలవుల్లో కొత్త కత్తి కొనే ముందు పాతదాన్ని ఒకసారి నూరండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.